లిబర్టీ స్టీమర్లు: కిరాయి లెక్కలో బరువెంత, చోటెంత?

సరుకు ధర గిట్టినా ఓడ కిరాయి గిట్టకుంటే బేరం నష్టమే. విజయనగరం మాంగనీసుకూ, శ్రీకాకుళం గోగునారకూ కిరాయి ఒకే తీరున పడదు. కారణం తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధకాలపు లిబర్టీ స్టీమర్లను చూస్తే చాలు.

జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్న ఓడల లోటు పూడ్చడానికి అమెరికా ప్రభుత్వం ఒకే నమూనాపై 1941-45 మధ్య 2,710 ఉక్కు ఓడలు కట్టించింది. భాగాలను వేర్వేరుగా తయారుచేసి వెల్డింగుతో అతికేవారు. పొడవు 441 అడుగులు, వేగం 11 నాట్లు, మోత సుమారు 10,000 టన్నులు. యుద్ధం ముగిశాక, 1946 చట్టం కింద మిగులు ఓడలను అమ్మగా గ్రీకు తదితర యజమానులు కొన్నారు. నమూనా ఒకటే కనుక ఏ లిబర్టీ వచ్చినా ఎంత సరుకు పడుతుందో వర్తకునికి ముందే తెలిసేది.

దానిలో బేళ్లకు సుమారు 5 లక్షల ఘనపుటడుగుల చోటుండేది. మాంగనీసు ఎక్కిస్తే మోత పూర్తయినా సగానికి పైగా చోటు ఖాళీయే. వదులుగా కట్టిన నార బేళ్లయితే బరువు పూర్తికాక మునుపే చోటు అయిపోతుంది. అందుకే ఓడవారు 40 ఘనపుటడుగులను ఒక టన్నుగా లెక్కించి, బరువు, చోటు రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై కిరాయి వేసేవారు. టన్ను నార 60 ఘనపుటడుగులు ఆక్రమిస్తే కిరాయి టన్నున్నరకు! బేలును బిగించి నొక్కితే మిగిలేది లాభమే.

రేవు సంగతి వేరు. ఇక్కడి గోగునారకు 'బిమ్లీ జూట్' అనే పేరు తెచ్చినది భీమునిపట్నం రేవు. అక్కడా, కళింగపట్నంలోనూ స్టీమరు దూరాన లంగరు వేస్తే పడవలపై సరుకు చేర్చవలసి వచ్చేది. నిండా ఎక్కిస్తే 27 అడుగులకు పైగా మునిగే ఓడ ఒడ్డుకు రాలేదు. అలలు లేస్తే పని ఆగేది. ఎగుమతి గడువు దాటితే డెమరేజి తప్పదు. ఆ ఖర్చు ధరలోంచే పోయేది. 1933లో తెరచిన విశాఖపట్నం హార్బరులో ఓడ గట్టుకే ఆనుకునేది. పెద్ద సరుకు అటు మళ్లడంలో వింత లేదు.

నేడు సరుకు రవాణాలో లిబర్టీలు లేవు, కంటెయినర్లు వచ్చాయి. చిల్లర సరుకుకు 1,000 కిలోలా, ఒక ఘనపు మీటరా, ఏది ఎక్కువైతే దానిపైనే కిరాయి. కొలత మారినా సూత్రం మారలేదు. ధర చెప్పేముందు కాటాతో పాటు కొలబద్ద కూడా చూసుకోవడం మేలు.