వార్తల్లో పదం: కమ్యూనిటీ కాలేజీ

ఊళ్లోని పరిశ్రమకు పనికొచ్చే విద్యను ఆ ఊరివాళ్లకే తక్కువ ఖర్చుతో నేర్పే కళాశాల. అమెరికాలో 1901లో జోలియెట్ పట్టణంలో మొదలైంది. మన దగ్గర 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం దారి చూపింది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దీన్ని పథకంగా తెచ్చింది.

మహారాష్ట్రలోని షోలాపూర్ దాజీ పేట్‌లో నిలబడి చూస్తే ఈ పదం ఇంకా బాగా అర్థమవుతుంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల పేట ఇది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. దుప్పట్లు, టవళ్లు నేసే పాత మరమగ్గం మొరాయిస్తే, మగ్గాలు బాగుచేసే జాబరు చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. ఎలక్ట్రానిక్ జకార్డు మగ్గం దగ్గర ఆ చెవి ఒక్కటే చాలదు. పోగు తెగిందని చెప్పే సెన్సరు, మోటారు వేగం మార్చే డ్రైవు, కంట్రోల్ బోర్డు తెలియాలి. కమ్యూనిటీ కాలేజీలో నేర్పే ఇండస్ట్రియల్ ఎలక్ట్రానిక్స్ అంటే ఈ విద్యే.

మరి ఆ కోర్సు పక్కనే ఇంగ్లిష్ కాంపోజిషన్ (వ్యాసరచన) ఎందుకంటారా? అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో డిగ్రీ బాట పట్టేవారికి అది దాదాపు తప్పనిసరి. ఇక్కడ మాత్రం వ్యాసాలకన్నా విదేశీ కొనుగోలుదారుకు ఒక ఉత్తరం తిన్నగా రాయించడమే మేలు.

యూజీసీ పథకంలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులుంటాయి. చేరేముందు పట్టా ఎవరిస్తారో అడగండి.