భద్రాచలంలో నడిమింటి ఆదాయం ఎంత?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. భద్రాచలం చుట్టుపక్కల ఒక మామూలు కుటుంబం యేడాదికి ఎంత సంపాదిస్తోంది? పదేళ్లలో అది నిజంగా పెరిగిందా?

బీటెక్ చేశాం, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో డేటాతోనే పనిచేశాం, ఒక ఎక్సెల్ షీట్‌తో తేలిపోతుందిలే అనుకున్నా. మా ఇంటితోనే మొదలెడదామని నాన్నకి ఫోన్ చేశా.

"నాన్నా, మనింటి ఆదాయం ఎంత?"

"ఏ యేడాదిది రా? మిర్చికి రేటొచ్చిన యేడాదిదా, తామర పురుగు తినేసిన యేడాదిదా?"

2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఏం చేసిందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. నా షీట్ మొదటి గడిలోనే ఆగిపోయింది.

సరే, సర్కారు లెక్క చూద్దాం అని వెతికితే ముందు దొరికేది తలసరి ఆదాయం. జిల్లాలో యేడాదిలో పుట్టిన విలువంతా కలిపి జనాభాతో భాగిస్తే వచ్చేది అదే. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. సింగరేణి బొగ్గు, పాల్వంచ కేటీపీఎస్, మణుగూరు కరెంటు ప్లాంటు, సారపాక పేపరు మిల్లు అన్నీ ఆ లెక్కలో ఉంటాయి. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. లాభం వాళ్లకి పోతుంది, లెక్క మాత్రం మా జిల్లా పేరు మీద పడుతుంది. చర్ల అడవిలో తునికాకు కోసే అక్క పేరు మీద కూడా అందులో వాటా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆమె చేతికి రాదు.

అందుకే సగటు కాదు, మీడియన్ కావాలి. ఊరికే ఒక ఉదాహరణ అనుకోండి. ఐదు ఇళ్లు. ఆదాయాలు 60 వేలు, 80 వేలు, లక్ష, లక్షా 20 వేలు, ఐదో ఇంట్లో మంచి ఉద్యోగం కాబట్టి 15 లక్షలు. సగటు 3 లక్షల 72 వేలు. వరసలో పెడితే సరిగ్గా నడిమిల్లు, అదే మీడియన్, లక్ష. "మీ జిల్లా బాగానే ఉంది కదా" అనేవాళ్లు చూసేది మొదటి నంబర్. బతికేది రెండో నంబర్ మీద.

మరి ఆ రెండో నంబర్ ఎక్కడుంది? సెన్సస్‌లో ఆదాయం అడగరు. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో అడిగారు కానీ, ఇంటి మొత్తం కాదు. ఎక్కువ సంపాదించే ఒక్కరి నెల ఆదాయం 5 వేల లోపా, 5 నుంచి 10 వేల మధ్యా, 10 వేలు ఆ పైనా, అంతే. దేశం మొత్తం పల్లెల్లో దాదాపు 74 శాతం ఇళ్లు మొదటి డబ్బాలోనే పడ్డాయి. అంటే ఆ ఒక్కరి ఆదాయం మీడియన్ 5 వేల లోపు అని తెలుస్తుంది. 4,900 ఆ, 2,000 ఆ? డబ్బా అది చెప్పదు.

ఆదాయ సర్టిఫికెట్లు వాడొచ్చు కదా అంటారేమో. తెలంగాణ పల్లెల్లో రేషన్ కార్డుకి లిమిట్ యేడాదికి లక్షన్నర. లిమిట్ ఎక్కడుంటే కాగితం మీది ఆదాయాలు దానికి కొంచెం కిందే గుమిగూడతాయి. నా ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్పుడు మాది కూడా.

అమెరికాలో కౌంటీ కౌంటీకీ ఈ మీడియన్ యేటా వేస్తారు. చిన్న కౌంటీల్లో సర్వే శాంపిల్ సరిపోదు కాబట్టి, దానికి పన్ను రిటర్నులు లాంటి రికార్డులు జోడించి మోడల్‌తో అంచనా కడతారు. మన దగ్గర వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఆ దారి మూసుకున్నట్టే.

పోనీ ఏదో అంచనా వేశాం అనుకుందాం. పోల్చడం ఇంకో తలనొప్పి. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల నుంచి ఊళ్లు ఆంధ్రకి వెళ్లాయి. భద్రాచలం టౌన్ మిగిలింది, పక్కనే ఉన్న ఎటపాక అటు. 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లాని చీల్చి మా జిల్లా చేశారు. 2011 ఖమ్మం నంబర్ పక్కన ఇవాళ్టి కొత్తగూడెం నంబర్ పెట్టి "పెరిగింది" అంటే, జనం మారలేదు, గీత మారింది. పాత లెక్కని ఊరు ఊరు ఏరి ఇవాళ్టి హద్దుల్లో మళ్లీ పేర్చాలి. బోరింగ్ పనే, కానీ అసలు పని ఇదే.

పెరుగుదల చూడాలంటే ధరలు కూడా తీసేయాలి. ఉపాధి హామీ రోజు కూలి తెలంగాణలో 2022-23లో 257, 2025-26లో 307 రూపాయలు. దాదాపు 19 శాతం పెరిగినట్టు. అదే మూడేళ్లలో నూనె, పప్పు, ఆటో ఛార్జీ ఎంత పెరిగాయో తీసేశాక మిగిలిందే పెరుగుదల.

దేశవ్యాప్తంగా ఇంటి ఆదాయం మీదే సర్వే 2026లో చేస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. 1960ల్లో ట్రయల్ చేసినప్పుడు జనం చెప్పిన ఆదాయం, వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపినదానికంటే తక్కువ వచ్చింది. దాచారనే అనుకోవద్దు, కొంత మర్చిపోతారు కూడా. నాన్నని మళ్లీ కూర్చోబెట్టి అడిగా. మిర్చి చెప్పాడు, కూలి చెప్పాడు. ఎండాకాలం అమ్మ కట్టే తునికాకు కట్టలు, ఏరే ఇప్పపువ్వు, ఇంట్లోనే తిన్న వడ్లు, ఏవీ చెప్పలేదు.

"అవి కూడా ఆదాయమేనా?" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ ఏమందో ఇక్కడ చెప్పలేను. నా షీట్‌లో మాత్రం మూడు కొత్త కాలమ్స్ వచ్చాయి. మీ ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడండి, రెండు యేళ్లకి విడివిడిగా. వచ్చే ఎపిసోడ్‌లో ఆ కాలమ్స్ ఎలా నింపాలో స్క్రీన్ మీద చూపిస్తా.