మంచి సొర గింజకు చేదు కాయలు ఎందుకు కాచినవి?

సొరకాయ చలువ చేస్తుందని, తేలికగా జీర్ణమవుతుందని, జ్వరపడి లేచినవారికి సైతం పథ్యంగా పెట్టవచ్చునని మన పెద్దలు చెబుతూ వచ్చారు. కొన్నిచోట్ల ఆనపకాయ అంటారు, మరికొన్నిచోట్ల సొరకాయ అంటారు, వస్తువు ఒక్కటే. ఇంతటి సాధుపదార్థమే కొన్ని సంవత్సరాల క్రితం మా నాన్నగారిని ఒక రాత్రంతా ఆసుపత్రిలో ఉంచినది.

ఆ ఏడాది మా అమ్మ, అంతకుముందు పెరటిలో కాచిన ముదురు కాయ నుండి దాచిన గింజలనే నాటినది. తీగె పందిరి నిండా అల్లుకుని చక్కని కాయలు కాచినది. నాన్నగారికి ఉదయం పరగడుపున సొరకాయ రసం త్రాగే అలవాటు ఉండేది. మొదటి కాయ రసం విపరీతమైన చేదుగా ఉన్నది. “చేదైతేనేమి, కాకరకాయ తినడం లేదా? మందు చేదుగానే ఉంటుంది” అంటూ ఆయన అరగ్లాసు త్రాగారు. కొంతసేపటికే వాంతులు, విరేచనాలు పట్టుకుని నీరసించిపోయారు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించిన పిదప మరునాటికి తేరుకున్నారు.

“నేను దాచినది మంచి కాయ గింజే కదా! ఈ చేదు ఎక్కడినుండి వచ్చినది?” అని అమ్మ అడిగినది. దీనికి సమాధానం సొరపువ్వులోనే ఉన్నది.

ఆడపువ్వు, మగపువ్వు

మొక్కకు వేరు నీటిని, లవణాలను అందిస్తుంది. కాండం వాటిని పైకి చేరవేస్తుంది. ఆకు సూర్యరశ్మి సాయంతో ఆహారం తయారుచేస్తుంది. నులితీగెలు పందిరిని పట్టుకుంటాయి. ఇవన్నీ మొక్క బ్రతకడానికి. తన సంతతిని నిలుపుకోవడానికి ఉన్నది పువ్వు.

మందార వంటి పువ్వులలో కేసరాలు, అండకోశం ఒకే పువ్వులో ఉంటాయి. సొరతీగెకు ఆడపువ్వులు, మగపువ్వులు వేరువేరుగా పూస్తాయి. మగపువ్వుకు సన్నని పొడవైన కాడ, నడుమ పుప్పొడి నిండిన కేసరాలు ఉంటాయి. ఆడపువ్వు కాడ పొట్టిది. రేకుల క్రింద నూగుతో కూడిన చిన్న పిందె కనబడుతుంది. ఆ పిందెయే అండాశయం. సాధారణంగా మొదట మగపువ్వులే వస్తాయి. కనుక తొలిపూత రాలిపోతున్నదని గృహిణులు దిగులు పడనక్కరలేదు. తీగె కొన గిల్లితే ప్రక్కకొమ్మలు వచ్చి, వాటిపై ఆడపువ్వులు ఎక్కువగా పూస్తాయి.

సొరపువ్వు సాయంకాలం విచ్చుకుని మరునాటి ఉదయానికి వాడిపోతుంది. ఆ తెల్లని రేకులు చీకటిలోనూ రెక్కల పురుగులను ఆకర్షిస్తాయి. అవి, తేనెటీగల వంటి ఇతర కీటకాలు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి చేరుస్తాయి. దీనినే పరాగసంపర్కం అంటారు. పుప్పొడి రేణువు అక్కడ మొలకెత్తి, సన్నని నాళాన్ని అండం వరకు పంపుతుంది. ఆ విధంగా ఫలదీకరణ జరిగిన ఒక్కొక్క అండం ఒక్కొక్క గింజ అవుతుంది. పుప్పొడి చాలకపోతే పిందె పసుపుబారి రాలుతుంది, లేదా కాయ వంకరపోతుంది.

కాయ తల్లిది, గింజ ఇద్దరిది

అమ్మ ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. కాయ కండ తల్లితీగె అండాశయం నుండి ఏర్పడేది. కనుక పుప్పొడి ఎక్కడినుండి వచ్చినా ఆ కాయ రుచి తల్లితీగెదే. లోపలి గింజలోని పిండం మాత్రం తల్లిదండ్రులు ఇద్దరి గుణాలు కలది. మా వెనుకవీధి కంచెపై ఎవరూ నాటని చేదు సొరతీగె ఒకటి ఉండేది. దాని పుప్పొడిని ఏదో పురుగు మా తీగెకు తెచ్చి ఉండాలి. ఆ ఏడాది మేము తిన్న కాయ కమ్మగానే ఉన్నది. చేదు గింజలో దాగి, ఆ గింజ మొలిచి కాచినప్పుడు బయటపడినది.

ప్రాచీనులు ఎరిగినదే

చేదు సొరను మన వైద్యులు ఏనాడూ కూరగా భావించలేదు. చరకసంహిత కల్పస్థానంలో ‘ఇక్ష్వాకు’ అనే పేరుతో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అది వమనద్రవ్యం, అనగా వాంతి చేయించే మందు. వైద్యుడు రోగి బలాన్ని చూసి వాడవలసిన ద్రవ్యాన్ని మా ఇంట తెలియక గ్లాసుతో త్రాగడం జరిగినది. ఈ చేదుకు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు కారణమని ఆధునిక శాస్త్రం చెబుతున్నది. కాకరకు చేదు సహజగుణం. సొరకు అది ప్రమాద సూచన. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం త్రాగిన ఒకరు మరణించారు. భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘం ఈ విషయమై పరిశీలన జరిపి, చేదు రసాన్ని త్రాగరాదని హెచ్చరించినది.

గృహస్థులకు సూచనలు

1. పెరటి కాయైనా, బజారు కాయైనా కోయగానే చిన్న ముక్కను నాలుకపై పెట్టి చూడండి. చేదనిపిస్తే ఉమ్మివేసి, కాయను పారవేయండి. వండితే చేదు పోతుందని భావించకండి.

2. రుచి చూడకుండా రసం తీయవద్దు. ఇతర రసాలు కలిపితే చేదు మరుగున పడుతుంది కాని దోషం పోదు.

3. చేదు రసం త్రాగిన పిదప వికారం, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కలిగితే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

4. గింజ దాచుకోదలచినవారు, మరునాడు విచ్చుకోబోయే ఆడమొగ్గకు, మగమొగ్గకు ముందుగానే కాగితపు సంచి తొడగండి. విచ్చుకున్న సాయంకాలం మగపువ్వు రేకులు తీసివేసి, పుప్పొడిని కీలాగ్రానికి మెల్లగా అద్ది, ఆడపువ్వుకు మరల సంచి కట్టండి. కాడకు గుర్తుగా దారం కట్టి, ఆ కాయ గింజలనే దాచండి.

ఇప్పుడు మా పందిరిపై ఏటా ఒక కాయకు ఎర్రదారం ఉంటుంది. నాన్నగారు రసం మానలేదు. కాని మొదటి ముక్కను అమ్మ రుచి చూసిన తరువాతనే గ్లాసు అందుకుంటున్నారు.