తండ్రి వీపు వెనుక కూర్చున్న కుమారుడు



వేసవి సెలవులు వచ్చినప్పుడు తల్లి పిల్లలను తీసుకొని పుట్టింటికి వెళ్ళడము మనకు తెలుసు. పెద్ద కూటములకు కుటుంబమంతా కలిసి వెళ్ళడము తెలుసు. తండ్రి, కుమారుడు ఇద్దరే, పెళ్ళి పనో ఆసుపత్రి పనో లేకుండా, నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రావడము మాత్రము మనలో బహు అరుదు. అమెరికా దేశములో ఇటువంటి అలవాటు గల కుటుంబములున్నవి. మట్టిదారులలో, కొండ బాటలలో నడిచే డర్ట్ బైకుల మీద గుడారము, దుప్పట్లు, వంట గిన్నెలు కట్టుకొని తండ్రులు కుమారులతో అడవులకు వెళతారు. రాత్రి మంట వేసుకొని, వండుకొని తిని, అక్కడే పడుకుంటారు. డబ్బున్నవారి సరదాలే అని మనము కొట్టివేయవచ్చు. అయితే అటువంటి తండ్రీకొడుకుల మోటారు సైకిలు ప్రయాణము ఒకటి లోకమంతటా పేరు పొందినది. దానిని గూర్చి మన తండ్రులకు చెప్పవలెనని మాకు చాలాకాలముగా ఉన్నది.

1968 జూలైలో రాబర్ట్ పిర్సిగ్ అనే ఆయన మిన్నెసోటా రాష్ట్రము నుండి కాలిఫోర్నియా వరకు బండి మీద బయలుదేరారు. వెనుక సీటులో 11 ఏళ్ళ పెద్ద కుమారుడు క్రిస్ కూర్చున్నాడు. బండి హోండా సూపర్ హాక్, 305 సి.సి. అది డర్ట్ బైకు కాదు, రోడ్డు బండే. కాని ఆయన పెద్ద రహదారులను కావాలనే విడిచి, పల్లెల మధ్యగా పోయే చిన్న రోడ్లను ఎన్నుకున్నారు. జాన్, సిల్వియా అనే స్నేహితులైన దంపతులు మరో బండి మీద మోంటానా రాష్ట్రము వరకు తోడు వచ్చి వెనుదిరిగారు. అక్కడి నుండి తండ్రి, కుమారుడు ఇద్దరే.

పిర్సిగ్ గారు కంప్యూటరు యంత్రములను ఎలా వాడాలో తెలిపే పుస్తకములు వ్రాసే ఉద్యోగి. అంతకు ముందు మోంటానాలోని ఒక కళాశాలలో ఇంగ్లీషు చెప్పారు. యౌవనములో మన కాశీలోని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయములో కూడ కొంతకాలము చదువుకున్నారు. ఈ ప్రయాణమును ఆధారము చేసుకొని వ్రాసిన పుస్తకమును 121 మంది ప్రచురణకర్తలు త్రిప్పి పంపివేశారు. చివరకు ఒకరు ఒప్పుకొనగా 1974లో వెలువడి లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. దాని పేరు జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్. అందులో గ్రీకు తత్వవేత్తలతో వాదనలు పేజీల కొద్దీ ఉన్నవి. ఆ పేజీలు త్రిప్పివేసినా నష్టము లేదని మా అభిప్రాయము. ఆయన తత్వముతో మనకు పొత్తు కుదరదు. తండ్రీకొడుకుల కథ మాత్రము విడువదగినది కాదు.

వారు తీసుకొని వెళ్ళిన సామాను చూస్తే మన పల్లె వారికి నచ్చుతుంది. అనవసరమైనది దాదాపు లేదు. నిద్ర సంచులు రెండు, వానకు కప్పుకొనే పెద్ద గుడ్డలు రెండు. ఆ గుడ్డలే పగలు సామాను తడవకుండ కాపాడుతాయి, రాత్రి కలిపి కడితే గుడారమవుతాయి. సైన్యము వారు వాడి వదిలిన పళ్ళెములు, మడిచే చిన్న పొయ్యి, తాడు, దిక్సూచి, కొండల పటములు. బండికి కావలసిన పనిముట్లు, విడి భాగములు. బండిని తానే బాగుచేసుకొనడము ఆయనకు పంతము. మెకానిక్కు చేతిలో పెట్టి చేతులు కట్టుకొని నిలబడడము ఆయనకు గిట్టదు.

అటువంటి ఆయనకే అంతకు ముందొక ప్రయాణములో జరిగిన సంగతి వినండి. అప్పుడూ క్రిస్ వెంట ఉన్నాడు, ఇంకా చిన్నవాడు. పెద్ద వానలో బండి ఆగిపోయినది. వాన వల్ల ఇంజను చెడిపోయినదని తండ్రి నమ్మి ఏదేదో విప్పి చూశాడు. చివరకు యాత్ర మానుకొని ఇంటికి చేరుకున్నారు. సంగతి తరువాత తెలిసినది. బండిలో పెట్రోలు అయిపోయినది, అంతే! రిజర్వు త్రిప్పి రోజులు గడిపే మన వారు ఇది చదివి నవ్వుకొంటారు. కాని వానలో తడుస్తూ, ఎందుకు వెనక్కు పోతున్నామో తెలియక వెనుక కూర్చున్న పసివాని సంగతి కొంచెము ఆలోచించండి.

1968 ప్రయాణములో క్రిస్ సంతోషముగా లేడు. గుడారము వేసిన చోట వండినది తినక, కడుపు నొప్పి అని చీకటిలోకి వెళ్ళిపోయేవాడు. వైద్యులు చూశారు గాని శరీరములో లోపమేమీ కనిపించలేదని తండ్రే వ్రాశారు. మోంటానాలో బండి విడిచిపెట్టి, మూటలు వీపున కట్టుకొని ఇద్దరూ ఒక కొండ ఎక్కారు. శిఖరము చేరాలని పిల్లవాడు పట్టుపట్టాడు, ప్రతి చోటా ఎవరితోనో పోటీ ఉన్నట్టు ఎక్కాడు. శిఖరము ఇంకా ఉండగానే, రాళ్ళు జారిపడే ప్రమాదమున్నదని తండ్రి వెనక్కు త్రిప్పాడు. పిల్లవాని ముఖము మాడిపోయినది. తండ్రి మనసులో వేరే భయము కూడ ఉన్నది. రాత్రి నిద్రలో ఆయన ఏమేమో మాట్లాడాడని క్రిస్ చెప్పాడు.

ఆ భయము వెనుక కథ ఇది. 1961 నుండి 1963 వరకు పిర్సిగ్ గారు మానసిక వ్యాధితో పలుమార్లు ఆసుపత్రిలో ఉన్నారు. విద్యుత్ షాకుల చికిత్స పొందారు. అప్పటికి క్రిస్‌కు అయిదారేళ్ళు. తండ్రి ఎందుకు వెళ్ళిపోయాడో, తిరిగి వచ్చినవాడు ఎందుకు వేరే మనిషిలాగున్నాడో వానికి సరిగా చెప్పినవారు లేరు. ఆసుపత్రి అద్దపు తలుపు, దానికి అవతల తండ్రి – అది మాత్రము వాని జ్ఞాపకములో నిలిచినది. కడుపు నొప్పికి మందు దొరకకపోవడములో మాకు ఆశ్చర్యమేమీ లేదు.

కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున, మంచు కమ్మిన చోట, ఇద్దరి మధ్య మాటలు పెరిగినవి. నిన్ను బస్సు ఎక్కించి ఇంటికి పంపివేస్తానన్నాడు తండ్రి. పిల్లవాడు నేలమీద ముడుచుకొని ఏడ్చాడు. ఏడుస్తూనే అడిగాడు, మమ్మును ఎందుకు విడిచి వెళ్ళావని, ఆ తలుపు ఎందుకు తెరవలేదని, నిజముగా పిచ్చి పట్టినదా అని. తెరవనివ్వలేదని తండ్రి చెప్పాడు. పిచ్చి కాదన్నాడు. వైద్యులు ఈ చివరి జవాబును ఒప్పుకొనకపోవచ్చు. పిల్లవానికి కావలసినది రోగము పేరు కాదు. తండ్రి తనను కావాలని విడువలేదన్న మాట వానికి కావలెను. అది దొరికినది.

ఆ తరువాత బండి మళ్ళీ సాగినప్పుడు క్రిస్ వెనుక కాలి పెడల్స్ మీద లేచి నిలబడి, తండ్రి భుజముల మీద చేతులు వేసి ముందుకు చూశాడు. అంత దూరము వచ్చిన తరువాత దారి కనిపించడము వానికి అదే మొదటిసారి. అన్ని రోజులు వానికి కనిపించినది తండ్రి వీపు. (ఆ వేళ ఇద్దరూ హెల్మెట్లు తీసివేశారు. ఇది మేము మెచ్చుకొనము. మన దేశములో 2019 చట్ట సవరణ ప్రకారము నాలుగేళ్ళు దాటిన పిల్లవానికి కూడ హెల్మెట్ ఉండవలెను. గేర్ల బండి నడపడానికి 18 ఏళ్ళు నిండవలెను. పిల్లవాని చేతికి బండి ఇస్తే తండ్రికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు కూడ ఉన్నది. ముద్దు చేసి తాళము చేతికిచ్చే తండ్రులు ఇది గమనించండి.)

మన పల్లెలలో ఎంతమంది పిల్లలు తండ్రి వీపు చూస్తూ పెరుగుతున్నారు! హాస్టలుకు దింపడానికి 40 కిలోమీటర్లు తీసుకొని వెళతాము. దారి పొడవునా మనము పలికేది గట్టిగా పట్టుకో, పుస్తకములు మరువకు, అనే రెండు మాటలే. గాలి హోరులో మాటలు వినబడవన్నది నిజమే. అందుకే ఆగవలెను. పిర్సిగ్ గారు, క్రిస్ మాట్లాడుకొన్నది బండి ఆగిన చోటనే.

గుడారములు, డర్ట్ బైకులు మనకు లేకపోవచ్చు. జొన్న చేనులో మంచె ఉన్నది. రాత్రి నీటి వంతు ఉన్నది. అడవి పందుల కాపలా ఉన్నది. తండ్రి, కుమారుడు ఒకే దుప్పటి కప్పుకొని తెల్లవార్లు గడిపే రాత్రులు మనకున్నన్ని ఆ దేశపు తండ్రులకు లేవనే చెప్పాలి. ఆ రాత్రులలో పిల్లవాడు అడగాలనుకొనే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. తాతను ఎందుకు గదిలో ఉంచారు, అమ్మ ఆరు నెలలు పుట్టింటిలో ఎందుకున్నది, చిన్నాన్నకు ఏమయినది అని. మనో వ్యాధి ఉన్న ఇంటిలో పెద్దలు గుసగుసలాడుతారు, పిల్లలు వస్తే మాట మారుస్తారు. పిల్లలకు అంతా తెలుసు, కారణము తప్ప. కారణము తెలియనప్పుడు తప్పు తమదే అనుకొంటారు. రోగికి వైద్యము చేయించడము, అతని కొరకు ప్రార్థన చేయడము ఎంత అవసరమో, పిల్లవానికి వాని వయసుకు తగినట్టు నిజము చెప్పడము అంత అవసరమని మేము తలుస్తున్నాము.

క్రిస్ ఎక్కువ కాలము బ్రతుకలేదు. 1979 నవంబరులో, 23వ పుట్టిన దినమునకు కొద్ది రోజుల ముందు, సాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో దోపిడి దొంగలు అతనిని పొడిచి చంపారు. తండ్రి అప్పుడు ఇంగ్లండులో ఉన్నారు. తరువాతి ముద్రణలో ఆయన కుమారుని మరణమును గూర్చి చివర కొన్ని పేజీలు చేర్చారు. 2017 ఏప్రిల్‌లో, 88 ఏళ్ళ వయసులో మరణించారు. ఆయన భార్య ఆ హోండా బండిని, ఆయన తోలు జాకెట్టును, దారి పటములను వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియమునకు ఇచ్చివేశారు. బండిని శుభ్రము చేసి 2024లో అక్కడ ప్రజలు చూడడానికి నిలబెట్టారు.