ముడి విప్పే చెయ్యి ఎవరిది?

పొద్దున్న ఆరున్నరకి వీధి చివర ఈల వినపడిందంటే మా ఇంట్లో ఒకటే హడావుడి. ఒక పొయ్యి మీద పాలు, ఇంకోదాని మీద పిల్లల బాక్సుల్లోకి కూర, మధ్యలో చెత్త బండి! రాత్రి నుంచీ మూలన పడున్న క్యారీ బ్యాగుకి గట్టిగా ముడేసి గుమ్మంలోంచి అందించేస్తే ఆ పూటకి ఓ పని అయిపోయినట్టే. మనలో చాలామందికి చెత్తతో సంబంధం ఆ ముడితో తెగిపోతుంది.

నాకూ అంతే, మొన్న వేసవి దాకా.

ఒకరోజు బండితో వచ్చే ఆవిడ కుడిచేతికి గుడ్డ చుట్టుకుని కనపడింది. "ఏమైందమ్మా?" అన్నాను. "గాజు పెంకమ్మా. సంచీ విప్పుతుంటే దిగింది" అంది. ఎవరింటి సంచీయో చెప్పలేదు. నాకు మాత్రం రెండ్రోజుల క్రితం పగిలిన గాజు గ్లాసు గుర్తొచ్చింది. కనీసం కాగితంలోనైనా చుట్టకుండా కూర తొక్కుల్లో పడేశాను. అది మాదేనని ఒప్పుకునే ధైర్యం లేక, "ఇంజెక్షన్ చేయించుకున్నావా?" అని అడిగేసి లోపలికొచ్చేశాను.

"అసలు సంచీ విప్పడం ఎందుకు, అలాగే పడేయొచ్చుగా?" అని మర్నాడు అడిగాను. "విప్పకపోతే ఎట్టాగమ్మా! సీసాలూ, అట్టలూ, కవర్లూ ఏరాలి గదా. కలిపి పట్టుకెళ్తే మేస్త్రీ కేకలేస్తాడు" అంది. అంటే నా వంటింట్లో నేను రెండు నిమిషాల్లో చెయ్యాల్సిన పనిని ఆవిడ నడివీధిలో నిలబడి, వంద ఇళ్ల కుళ్లులో చెయ్యి పెట్టి చేస్తోందన్నమాట.

వేరు చెయ్యడం మనకి కొత్తేమీ కాదు. మా అమ్మమ్మగారింట్లో తొక్కులూ బియ్యం కడుగూ కుడితి తొట్టిలోకి, బూడిద అంట్లు తోమడానికి, పేడా ఆకులూ పెంటగుంటలోకి వెళ్లేవి. ఏడాదికోసారి గుంట తవ్వి బండ్లకెత్తి పొలానికి తోలేవారు. చెత్తబుట్ట అనే వస్తువే ఆ ఇంట్లో చూసిన గుర్తులేదు. ఇప్పుడు గేదె లేదు, పెరడు లేదు. చిన్న ఊళ్లలో కూడా అపార్ట్‌మెంట్లు లేచాయి. పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, పార్సిల్ డబ్బాలు ఇంట్లోకొచ్చాయి. బయట పడేస్తే మట్టే తినేస్తుందన్న నమ్మకం మాత్రం అలాగే ఉంది.

మట్టి తినలేనివాటితో కలిపి గుట్టపోస్తే, తినగలిగేది కూడా సరిగా మట్టిలో కలవదు. గాలి ఆడక కుళ్లిన అన్నం, కూరల నుంచి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. నల్లటి రసం ఊరి నేలలోకి దిగుతుంది. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నది ఆ కంపు గురించీ, ఆ నల్లనీళ్ల గురించే. ఢిల్లీలో 2017 సెప్టెంబరులో గాజీపూర్ చెత్తకొండ విరిగిపడి ఇద్దరు చనిపోయారు.

తడీ పొడీ వేరు చేసి ఇవ్వమని 2016 నిబంధనల్లోనే రాశారు. హైదరాబాద్‌లో 2015లో ఇంటికి రెండు బుట్టలు పంచారు. ఆంధ్రాలో 2021లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని మూడు ఇచ్చారు. చెత్త పన్ను మీద ఎంత గొడవ జరిగిందో అందరికీ తెలుసు. ఆ బుట్టలు మా ఇంట్లో ఏమయ్యాయో మాత్రం చెప్పడానికి సిగ్గేస్తోంది. నీలం దాంట్లో బట్టల క్లిప్పులు, ఎర్రదాంట్లో ఉల్లిపాయలు!

ఇప్పుడు ఉల్లిపాయలు వేరే చోటికి మార్చాను. ఆ ఎర్రబుట్ట దేనికో కూడా చెప్పుకోవాలి కదా, మనలో మనం నోరు విప్పి మాట్లాడుకోకపోతే ఎలా? వాడిన ప్యాడ్లని ఎవరికీ కనపడకుండా నల్ల కవర్లో చుట్టి, మిగతా చెత్త అడుగున దాస్తాం. దాచామనుకుంటాం. లోపల ఏముందో తెలియక ఆ కవరు విప్పేది కూడా ఆవిడే. పసిపిల్లల డైపర్లదీ ఇదే కథ. పుణేలో చెత్త ఏరుకునే ఆడవాళ్లు 1993లో సంఘం పెట్టుకున్నారు. తర్వాత 'స్వచ్ఛ్' అనే సహకార సంఘంగా ఇంటింటి చెత్త సేకరణ చేపట్టారు. వాళ్లు గృహిణులను అడిగింది ఒక్కటే: ప్యాడ్లని పాత న్యూస్‌పేపర్లో చుట్టి, మీద ఎర్ర చుక్క పెట్టి విడిగా ఇవ్వండి, మేం విప్పం అని. దీనికి ఖర్చేముంది చెప్పండి! మా అమ్మాయి స్కెచ్ పెన్ను ఇప్పుడు బాత్‌రూమ్ అలమరలోనే ఉంటుంది. మొదట్లో మావారు "ఈ పెన్నేమిటి ఇక్కడ?" అన్నారు. చెప్పాను. ఆ తర్వాత బండికి బుట్టలందించే పని ఆయనదైంది. చెత్త ఇంటిల్లిపాదిదీ అయినప్పుడు బుట్ట మాత్రం ఆడవాళ్లదేనా?

తొక్కులతో ఎరువు చెయ్యబోయి మొదటిసారి భంగపడ్డాను. అన్నం, పప్పూ కూడా కుమ్మరించి మూత బిగించానేమో, వారానికి పురుగులు, కంపు. "గేదెనే కొనుక్కుని ఉండాల్సింది" అన్నారు మా అత్తగారు. కుండకి చిల్లులు పెట్టి, ప్రతి పొర మీదా గుప్పెడు ఎండుటాకులు చల్లి, గుల్లగా ఉంచితే రెండో విడత నిలబడింది. రెండు నెలలు దాటాక నల్లటి ఎరువొచ్చింది. ఇప్పుడు ఆవిడే మల్లెచెట్టుకి వేయిస్తున్నారు.

"వేరు చేసి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారుగా, మనకెందుకీ తిప్పలు?" అంటుంది ఎదురింటి పిన్నిగారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు, నేనూ కళ్లారా చూశాను. నలుగురం కలిసి మేస్త్రీని నిలదీస్తే బండికి పక్కగా రెండు గోనెసంచులు వేలాడదీయించాడు. కొన్ని రోజులు ఉంటాయి, కొన్ని రోజులు ఉండవు. లేని రోజున అడుగుతున్నాం. చేతులకి తొడుగులిప్పించమని కూడా అడిగాం. అవింకా రాలేదు.

ఆ గాజు గ్లాసు సంగతి మొన్ననే ఆవిడకి చెప్పేశాను. ఆవిడ నవ్వింది. "నాకప్పుడే తెలుసమ్మా. ఆ సంచీలో మీ పాప పేరున్న నోటుబుక్కు కాగితాలు కూడా ఉన్నాయి" అంది.