నలభై ఎక్కువా, నూటరెండు ఎక్కువా?

పిల్లలూ! అమీర్‌పేటకు, పంజాగుట్టకు పక్కనే బేగంపేట వున్నది. మే నెలలో ఒకనాడు అక్కడి వాతావరణ కేంద్రంలో 40 డిగ్రీల ఎండ నమోదయిందనుకోండి. అదే రోజు పంజాగుట్టలో ఒక పిల్లవాడికి 102 డిగ్రీల జ్వరం. అయితే వాడి ఒళ్ళు ఎండకంటె రెండు రెట్లకు పైగా వేడెక్కిందా? లేదు! నిజానికి ఆ ఎండే వాడి ఒంటికంటె కాస్త ఎక్కువ వేడి.

ఎందుకంటే, ఇక్కడ కొలబద్దలు రెండు. ఫారెన్‌హీట్ అనే శాస్త్రజ్ఞుడు తన కొలమానాన్ని 1724లో ప్రకటించాడు. ఇప్పటి లెక్కలో దాని మీద మంచు 32 దగ్గర కరుగుతుంది, నీరు 212 దగ్గర మరుగుతుంది. మధ్య 180 మెట్లు. స్వీడన్ దేశస్థుడు సెల్సియస్ 1742లో ఆ దూరాన్నే 100 మెట్లు చేశాడు. తమాషా ఏమిటంటే, ఆయన నీరు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు! తరువాతివారు దాన్ని తలకిందులు చేశారు. సెంటిగ్రేడ్ అన్నా ఇదే.

మన దేశంలో 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది. ఆ తరువాత ఎండ లెక్క సెల్సియస్‌కు మారింది. జ్వరం లెక్క మాత్రం చాలా ఇళ్ళలో ఫారెన్‌హీట్‌లోనే వుండిపోయింది.

ఒకదాన్ని రెండోదానిలోకి మార్చటం సులువే. సెల్సియస్ అంకెను రెట్టింపు చేయండి. వచ్చిన దానిలో పదోవంతు తీసేయండి. 32 కలపండి. 1966 జూన్ 2న హైదరాబాదులో 45.5 డిగ్రీల ఎండ కాసింది. రెట్టింపు 91, పదోవంతు పోగా 81.9, 32 కలిపితే 113.9 ఫారెన్‌హీట్! వెనక్కి రావాలంటే ముందు 32 తీసేసి, 5తో హెచ్చించి, 9తో భాగించాలి. అలా చేస్తే 102 డిగ్రీల జ్వరం సుమారు 38.9 సెల్సియస్ అవుతుంది.

ఒక్క జాగ్రత్త. జ్వరం 104 నుంచి 102కు దిగితే, తగ్గిన 2 డిగ్రీలను మార్చేటప్పుడు 32 జోలికి పోకూడదు. 32 మెట్ల లెక్క మొదలయ్యే చోటును సరిచేస్తుంది. దిగిన మెట్లకు దానితో పనిలేదు. 2ను 5తో హెచ్చించి 9తో భాగిస్తే చాలు: సుమారు 1.1.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇప్పటి జ్వరం థర్మామీటర్లలో కొన్ని సెల్సియస్‌లో చూపుతాయి. బిడ్డకు పెట్టినప్పుడు 40 కనబడితే, "నలభయ్యే కదా!" అని వూరుకోకండి. అది 104 ఫారెన్‌హీట్. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఫోనులో చెప్పేటప్పుడు అంకెతోబాటు కొలబద్ద పేరూ చెప్పండి.

పిల్లలూ, మీకొక లెక్క. సున్నాకు దిగువకు పోతూవుంటే, ఒకచోట రెండు కొలబద్దలూ ఒకే అంకె చూపుతాయి. ఏది?

(జవాబు: సున్నాకు దిగువన 40. పైన చెప్పిన పద్ధతిలో కట్టి చూడండి!)