పాడి, పాలచక్కెర, పరిణామం: తెలంగాణ పీఠభూమి నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నల్గొండ–రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘపు డెయిరీ హయత్‌నగర్‌లో ఉంది. పాడికి ఇంతటి స్థానమున్న ప్రాంతంలోనూ ‘పాలు పడవు’ అనే పెద్దలు కనిపిస్తారు. దీనిని లోపంగా భావించడం పరిపాటి. జీవపరిణామ శాస్త్రం ఈ భావనను తలకిందులు చేస్తుంది.

2. జన్యు నేపథ్యం

పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను చిన్నపేగులోని లాక్టేజ్ ఎంజైమ్ విడగొడుతుంది. క్షీరదాలలో పాలు మరచిన తరువాత ఈ ఎంజైమ్ తగ్గిపోతుంది. మానవులలోనూ ఇదే ఆదిమ స్థితి. కొందరిలో మాత్రం అది జీవితాంతం కొనసాగుతుంది. లాక్టేజ్ జన్యువుకు సుమారు 14 వేల క్షారజంటల ఎగువన, సైటోసిన్ స్థానంలో థైమిన్ చేరిన ఉత్పరివర్తనానికీ ఈ కొనసాగింపుకూ గల సంబంధాన్ని 2002లో గుర్తించారు. తూర్పు ఆఫ్రికా పశుపాలకులలో ఇదే ఫలితాన్నిచ్చే వేరే ఉత్పరివర్తనాలు స్వతంత్రంగా ఏర్పడ్డాయి.

3. భారతీయ సాక్ష్యం

సింధు పరీవాహక ప్రాంతంలో మూపురపు పశువుల మచ్చిక స్వతంత్రంగా జరిగింది. కాబట్టి పాలను అరిగించుకునే శక్తి కూడా ఇక్కడ విడిగా పుట్టిందా అన్నది ప్రశ్న. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2012 నాటి అధ్యయనం 2,284 నమూనాలను పరీక్షించింది. భారతదేశంలో కనిపించేది ప్రధానంగా ఐరోపాలోని ఉత్పరివర్తనమేననీ, రెండింటి మూలం ఒకటేననీ తేలింది. దాని వ్యాప్తి వాయవ్యం నుండి ఆగ్నేయానికి తగ్గుతూ వస్తుంది. 1981లో వెలువడిన మరో అధ్యయనంలో పరీక్షించిన ఉత్తర భారతీయులలో 27.4 శాతం, దక్షిణ భారతీయులలో 66.6 శాతం మందికి లాక్టోజ్ సరిగా జీర్ణం కాలేదు.

4. బూడిద దిబ్బలు వేసే ప్రశ్న

దక్కనులో పశుపోషణ కొత్తది కాదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ జరిపిన తవ్వకాలలో నవీన శిలాయుగపు పశువుల దొడ్లు, గిట్టల ముద్రలు బయటపడ్డాయి. పేడ పోగులు పదే పదే కాలడం వల్లనే అక్కడి బూడిద దిబ్బ ఏర్పడింది. పశువులున్నంత మాత్రాన పాలు తాగారని నిర్ధారించలేం. అయితే వేల ఏళ్ల పశుపోషణ ఉన్నచోట కూడా జన్యుమార్పు తనంతట తానే విస్తరించదని ఈ ప్రాంతం సూచిస్తున్నది. 2022లో ఐరోపా కుండపెంకులలోని కొవ్వు అవశేషాలపై వెలువడిన పరిశోధన కూడా పాల వాడకం ఒక్కటే ఈ ఎంపికను వివరించలేదనీ, కరువులు, అంటువ్యాధుల ఒత్తిడి ఎక్కువ సమంజసమైన కారణమనీ ప్రతిపాదించింది.

5. తోడు: సాంస్కృతిక పరిష్కారం

జన్యువు చేయని పనిని వంటిల్లు కొంతవరకు చేసింది. తోడు వేసిన పాలలో సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత భాగాన్ని ఆమ్లంగా మారుస్తాయి; తిన్న తరువాత పేగులోనూ జీర్ణక్రియకు తోడ్పడతాయి. నీళ్లు కలిపిన మజ్జిగలో లాక్టోజ్ మరింత పలచబడుతుంది. నేతిలో అది దాదాపు ఉండదు. పెరుగన్నంతో భోజనం ముగించే అలవాటును ఈ దృష్టితోనూ చూడవచ్చు.

6. ఉపసంహారం

ఈ చర్చ గతానికే పరిమితం కాదు. 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు రోజుకు 200 మి.లీ. పాలు అందిస్తున్నది. అందులో లాక్టోజ్ దాదాపు 10 గ్రాములు. లాక్టేజ్ తగ్గిన పెద్దలలో కూడా ఎక్కువమంది ఒక విడతలో 12 గ్రాముల వరకు తట్టుకోగలరు. కనుక పాలు మానిపించనవసరం లేదు. పడనివారికి పెరుగు అందుబాటులో ఉంటే చాలు. పాలు పడకపోవడం రోగం కాదు, మానవజాతి పాత స్వభావం. పోషకాహార విధానం ఈ భేదాన్ని గుర్తించినప్పుడే పాడి ఫలం అందరికీ అందుతుంది.